సైరన్ కూస్తే అమ్మ వస్తుంది

ఈ జబ్బు చేసినవాళ్ళకి డాక్టర్లు చాలా చెబుతారు. ఎండ పొడలో కూర్చోమంటారు, గుడ్లూ పాలూ తీసుకోమంటారు, మందు ఒక్క పూట కూడా మానొద్దంటారు. అవన్నీ నిజమే. విన్నాను, బతికి ఉన్నాను. ఇంటి దగ్గర పిల్లలు ఏడుస్తుంటే ఏం చెయ్యాలో మాత్రం ఏ డాక్టరూ చెప్పలేదు. అది రాద్దామనే కూర్చున్నాను. చదివినవాళ్ళకి ధైర్యం వస్తుందని కాదు. ధైర్యం నా దగ్గరే లేదు, ఒకరికేం పంచిపెడతాను! మేం ఆడిన మాటలాంటిది ఇంకో ఇంట్లో ఎవరూ ఆడకుండా ఉంటే చాలు.

మాది తెనాలి పక్క పల్లెటూరు. మా వారికి పటాన్‌చెరు దగ్గర పెద్ద కర్మాగారంలో ఉద్యోగం దొరికాక, ఆ క్వార్టర్సులోకి వచ్చి పడ్డాం. అప్పటికి ఎటు చూసినా రాళ్ళూ, తంగేడు తుప్పలూ, బొంబాయి రోడ్డు మీద లారీల దుమ్మూ. తెల్లారితే సైరన్, మధ్యాహ్నం సైరన్, రాత్రి పడుకోబోయే ముందు సైరన్. ఊళ్ళో కోడి కూతతో లేచినదాన్ని, ఇక్కడికొచ్చి ఇనప కూతకి అలవాటు పడ్డాను. సైరన్ విని ఎసరు పెట్టేదాన్ని, సైరన్ విని కంచం కడిగేదాన్ని.

నేను మంచాన పడేనాటికి పెద్దది విజయకి పదకొండేళ్ళు, శీనుకి నాలుగు. చంటిది పద్మకి ఇంకా ఏడాది నిండలేదు. ముగ్గురివీ మూడు రకాల ఏడుపులు. పద్మని భుజాన వేసుకుని వీపు మీద తడుతూ వరండాలోకి వెళ్ళి కాకుల్ని చూపిస్తే చాలు, ఊరుకునేది. శీనుగాడు అలా కాదు, ఏడిస్తే క్వార్టర్స్ లైనంతా బయటికి రావలసిందే. వాణ్ణి బుజ్జగించకూడదు, బుజ్జగిస్తే ఇంకా పెరుగుతుంది. చేతికి ఏదో పని ఇవ్వాలి. "కందిపప్పులో రాళ్ళున్నాయిరా, ఏరు" అంటే ముక్కు ఎగబీల్చుకుంటూ చేట ముందు కూర్చునేవాడు. విజయ అసలు ఏడుపు బయటపెట్టదు. దాని మొహంలోకి చూసి "ఏమైందే?" అని అడిగామా, ఇక నోరు కుట్టేసుకుంటుంది. వెనక కూర్చుని నూనె రాసి తల దువ్వుతూ ఉండాలి. ఏమీ అడగకూడదు. రెండో జడ అల్లేసరికి గోడకి చెప్పుకుంటున్నట్టు అన్నీ అదే చెప్పేస్తుంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు గానీ, విజయ విషయంలో అడిగితేనే ఏమీ రాదు.

ఈ మూడు విద్యలూ నాకు బాగా వచ్చు. ఆ గర్వం ఉండేది కూడా.

డెబ్బై నాలుగు వేసవిలో దగ్గు మొదలైంది. దుమ్ముకే అనుకున్నాం. మిరియాల కషాయం, తమలపాకు రసం, కాంపౌండరు ఇచ్చిన ఎర్ర మందు, అన్నీ అయ్యాయి. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడటం, రవికెలు వదులైపోవటం. పక్క క్వార్టరులో అంజమ్మ అని ఉండేది. వాళ్ళది ఇక్కడి భానూరే. ఆమె పెనిమిటికీ మా వారికీ ఫ్యాక్టరీలో ఒకే విభాగంలో పని. చంకలో తొమ్మిది నెలల కొడుకుని వేసుకుని గోడవతల నుంచి నన్నే చూస్తూ ఉండేది.

"వదినె, గీ దగ్గు మంచిగ లేదు. మా మ్యానమామకు గిట్లనే షురువైంది. సంగారెడ్డి పెద్ద దవాఖానకు పో. జల్దీ పో" అంది ఒకరోజు.

మేనమామ ఏమయ్యాడని నేను అడగలేదు.

సంగారెడ్డి దవాఖానాలో బల్ల మీద నా పక్కన నోటికి కొంగు అడ్డం పెట్టుకున్న ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఎవరికి వారు "నాకు అది కాదు" అని అనుకుంటూ కూర్చున్నాం. డాక్టరు నా ఎక్స్‌రే ఫోటో వెలుతురుకెత్తి చూసి, జబ్బు పేరు చెప్పకుండా ముందు ఒక్క మాట అడిగాడు.

"ఇంట్లో చిన్నపిల్లలున్నారా అమ్మా?"

దాంతో నాకు అర్థమైపోయింది. క్షయ అన్నారు, హైదరాబాదులో ఛాతీ జబ్బుల ఆసుపత్రిలో చేరాలన్నారు, నెలల మాట అన్నారు. పిల్ల పాలు ఆ రోజే మాన్పించమన్నారు.

ఇంటికొచ్చి వేపాకు నూరి రాసుకున్నాను. మా అమ్మ చేసిందీ అదే, అమ్మమ్మ చేసిందీ అదే. ఏడాదిన్నరో రెండేళ్ళో వచ్చాక చేసే పని అది. పద్మ ఆశగా నోరు పెట్టి, చేదు తగిలి మొహం చిట్లించుకుని నా వంక చూసింది. నేనేదో పొరపాటు చేశాననుకుందేమో, మళ్ళీ నోరు పెట్టింది. మూడోసారి పెట్టలేదు. అప్పుడు మొదలుపెట్టింది ఏడుపు. భుజాన వేసుకోవటానికి లేదు, దగ్గరికి తీసుకోవద్దన్నారు. విజయ ఎత్తుకుని తిప్పుతోంది, మా వారు గిన్నెతో పాలు పట్టబోతే ఉమ్మేస్తోంది.

అంజమ్మ గోడ దాటినంత పని చేసి వచ్చింది. "గింత పసిగుడ్డుకు చేదు పెడ్తవా వదినె? ఇటియ్యి" అని విజయ చేతుల్లోంచి పిల్లని లాక్కుని మా గడప మీదే కూర్చుని పాలిచ్చింది. పద్మ ఎక్కిళ్ళు పెడుతూనే తాగింది.

మా వారు కంగారు పడ్డారు. "అంజమ్మా, జబ్బు సంగతి తెలుసుగా. నీకూ పసివాడున్నాడు."

"జబ్బు వదినెకొచ్చె గని గీ పోరికేం పాపం అన్నా? నా కొడుకు ఒక దిక్కు, నీ బిడ్డ ఒక దిక్కు. ఏమైతదో కానియ్యి" అంది.

నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. నా పిల్ల ఇంకొకరి రొమ్ము దగ్గర నిద్రపోయింది. ఆవిడకి దణ్ణం పెట్టాలనిపించింది, పిల్లని లాక్కోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు.

మర్నాడు పొద్దున బస్సుకి బయల్దేరుతుంటే శీను నా కొంగు పట్టుకున్నాడు. వదలడు. కందిపప్పు చేట ఇస్తే తన్నేశాడు. లైనంతా వాకిళ్ళలోకి వచ్చి చూస్తోంది. కొందరు వాళ్ళ పిల్లల్ని లోపలికి లాక్కుంటున్నారు కూడా. మా వారికి పిల్లలు ఏడుస్తుంటే ఎలా ఊరుకోబెట్టాలో తెలియదు. ఎప్పుడు చేశారు గనక! గొంతుక్కూర్చుని వాడి చేతులు పట్టుకున్నారు.

"నాన్న పనికెళ్ళి ఎప్పుడొస్తాడు?"

"సైరన్ కూస్తే" అన్నాడు వెక్కుతూ.

"అమ్మా అంతే. సైరన్ కూస్తే అమ్మ వచ్చేస్తుంది."

"ఏ సైరన్?"

"ఏదో ఒకటి. కూస్తుందిగా, చూస్తూ ఉండు."

కొంగు వదిలేశాడు! ఆ మాట అంత బాగా పనిచేసింది. నేనూ తల ఊపాను. వాడు అంజమ్మ చెయ్యి పట్టుకుని, బుగ్గల మీద నీళ్ళు ఆరకుండానే నవ్వాడు. బస్సెక్కాక మా వారిని మెచ్చుకున్నాను కూడా, "ఎంత బాగా చెప్పారండీ" అని.

ఆసుపత్రిలో వానాకాలమంతా మంచం మీదే. రోజూ ఇంజెక్షను. కూర్చుంటే ఒకవైపు నొప్పి, తిరిగి పడుకుంటే రెండోవైపు. దగ్గినప్పుడల్లా మూత ఉన్న డబ్బా వెతుక్కోవటం. పక్క మంచం మీద సంగారెడ్డి నుంచి వచ్చిన గౌసియా బీ. నాకంటే పదేళ్ళు పెద్దది, నలుగురు పిల్లల తల్లి. నేను గోడ వైపు తిరిగి ఏడుస్తుంటే తన మంచం మీంచే కసిరేది. "ఏడ్వకు చెల్లీ. ఏడిస్తే దగ్గు ఎక్కువైతది. దగ్గు ఎక్కువైతే ఇంటికి పోవుడు ఆలస్యమైతది. బచ్చేల కోసమన్న ఏడుపు ఆపు" అనేది. లెక్క సరిగ్గానే ఉంది. తను మాత్రం దుప్పటి మొహం మీదికి లాక్కుని ఏడిచేది.

ఆదివారాలు మా వారు వచ్చేవారు. వరండాలో ఆయన ఆ చివర, నేను ఈ చివర. ఇంటి సంగతులన్నీ ఆయన నోటి వెంటే తెలియాలి. మా అత్తగారు ఊరినుంచి వచ్చారట. సంధ్యవేళ ముగ్గురినీ వరసగా కూర్చోబెట్టి ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీస్తున్నారట. "అమ్మ" అన్న మాట ఎవరూ ఎత్తకూడదని ఆర్డరు వేశారట. ఎత్తితే చంటిది బెంగ పెట్టుకుంటుందని ఆవిడ భయం. నాట్ల వేళకి పొలం పని ఉందని వెళ్ళిపోయారు. భయపడే వెళ్ళారని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. ఆ మాట మా మధ్య ముల్లులా ఉండిపోయింది. ఒక ఆదివారం దాని మీద పోట్లాడుకున్నాం కూడా, ఆ చివరినుంచి ఈ చివరికి, వార్డంతా వింటుండగా.

పద్మకి జ్వరం తగిలి ఏడుపు మానకపోతే అంజమ్మ పటాన్‌చెరు మసీదు దగ్గరికి తీసుకెళ్ళి, సాయంత్రం నమాజు చేసి బయటికి వచ్చేవాళ్ళందరి చేతా ఊదించిందట. బొంతపల్లి వీరభద్రుడికి మొక్కు కూడా మొక్కిందట. "దేవుళ్ళందర్నీ వాడేస్తోంది" అన్నారు ఆయన. ఆ నెలల్లో నేను నవ్విన నవ్వు అదొక్కటే.

మరి శీను?

మొదట్లో ముచ్చటగానే చెప్పారు. సైరన్ కూయగానే వాడు సందు మొదట్లో కరెంటు స్తంభం దగ్గరికి పరుగెత్తుతున్నాడట. షిఫ్టు వదిలిన జనం సైకిళ్ళ మీదా నడిచీ వస్తుంటే ఒక్కొక్కరినీ చూస్తాడట. అందరూ వెళ్ళిపోయాక ఇంటికొచ్చి, "ఈ సైరన్‌కి కాదు" అని చెప్పి ఆడుకుంటాడట. ఏడవడు. ఎంత బుద్ధిమంతుడో! తెల్లవారుజాము కూతకి నిద్రలోంచి లేచి వెళుతున్నాడని తరవాతి వారం చెప్పారు. ఆ తరవాత శీను సంగతి ఆయనంతట ఆయన చెప్పటం మానేశారు. నేను అడిగితే "బాగానే ఉన్నాడు" అనేవారు.

అది అబద్ధమని చెప్పేయమన్నాను. "చెప్పాను సత్యవతీ. సైరన్‌కి రాదు, చాలా రోజులు పడుతుందని చెప్పాను. నమ్మటం లేదు. 'నువ్వే గదా చెప్పినవు' అంటున్నాడు" అన్నారు. వాడి మాట కూడా అంజమ్మ మాటయిపోయింది.

ఒకసారి వాణ్ణి తీసుకొచ్చారు. పిల్లల్ని లోపలికి రానివ్వరు గనక కంచె అవతల నిలబెట్టారు. నేను ఆసుపత్రి గౌనులో, కత్తిరించిన జుట్టుతో వరండాలో నిలబడి చెయ్యి ఊపాను. వాడు చాలాసేపు చూసి, తండ్రితో ఏదో అన్నాడు. ఇద్దరూ వెళ్ళిపోయారు. తరవాతి ఆదివారం ఆయన్ని నిలదీస్తే చెప్పారు.

"ఇక్కడ సైరన్ లేదు నాన్నా. ఇంటికి పోదాం, అమ్మ అక్కడికి వస్తది" అన్నాడట.

చలి మొదలయ్యే రోజుల్లో ఆయన వచ్చి చాలాసేపు చెప్పులకేసి చూస్తూ నిలబడ్డారు. విజయ పెద్దమనిషైందని చెప్పారు. అంజమ్మే చాప వేసి కూర్చోబెట్టిందట, ఆవిడే నీళ్ళు పోసిందట. మావైపు చిమ్మిలి చేస్తారని ఎవరో చెబితే, అదేదో తెలియక నువ్వులూ బెల్లం కలిపి దంచి తనకు తోచినట్టు ఉండలు చేసి పెట్టిందట. "విజయ ఏడ్చిందా?" అన్నాను. "లేదు. చాలా పెద్దరికంగా ఉంది" అన్నారు సంతోషంగా. దాని వెనక కూర్చుని తల దువ్వేవాళ్ళెవరు? మొహంలోకి చూస్తూ అడిగి ఉంటారు అందరూ.

అప్పటికే నా చెవుల్లో హోరు మొదలైంది. ఎప్పుడూ ఎక్కడో చిమ్మెటలు అరుస్తున్నట్టు ఉండేది. లేచి నిలబడితే నేల ఒరిగేది. ఇంజెక్షనుకి కొందరికి అలా అవుతుందని, తగ్గితే తగ్గవచ్చనీ అన్నారు. ప్రాణం ముఖ్యం కదా అన్నారు. ముఖ్యమే. ఒకరోజు గౌసియా బీ నాతో ఏదో అంటోంది, పెదవులు కదులుతున్నాయి, మాట రావటం లేదు. నీరసం వల్ల గొంతు పోయిందనుకున్నాను ఆవిడకి. పోయింది నా చెవులని అప్పటికి తెలియలేదు. ఆవిడ చివరి మాటలు ఏమిటో అందుకే నాకు తెలియవు. సంక్రాంతి దాటిన వారంలో ఆ మంచం ఖాళీ అయింది, పరుపు ఎండలో వేశారు. నేను అన్నం మానేశాను. ఎందుకు తినాలి, ఎవరికోసం? పాలు అంజమ్మ ఇస్తోంది, వంట విజయ చేస్తోంది, నా కొడుకు ఎదురుచూసే అమ్మ వేరే ఎవరో, సైరన్‌తో వచ్చే మనిషి. నేను పోయినా వాడికి తెలియదు, ఇంకో సైరన్‌కి చూస్తాడు. ఇవీ నా ఆలోచనలు. పోగొట్టింది ఎవరో పుణ్యాత్ములని రాయలేను. ఎవరూ పోగొట్టలేదు. ఆకలేసి తిన్నాను, అంతే.

డెబ్బై అయిదు వేసవిలో ఇంటికి పంపారు. ఇక అంటదని, పిల్లల్ని ఎత్తుకోవచ్చని చెప్పారు. ఆ మాట మా వారి చేత నా కుడి చెవి దగ్గర రెండుసార్లు చెప్పించుకున్నాను. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవికి దగ్గరగా వచ్చి గట్టిగా అంటే కొంత అందుతుంది. "కొంచెం మొద్దుబారాయి, తగ్గుతాయి" అని ఆయనకి చెప్పాను. నేనూ అదే నమ్మాను.

మిట్టమధ్యాహ్నం ఇంటికి చేరాం. సైరన్ వేళ కాదు. పద్మ నన్ను చూసి అంజమ్మ కాళ్ళ వెనక దాక్కుంది. "అమ్మనే బిడ్డా, మీ అమ్మ! పో, పో" అని అంజమ్మ ముందుకు తోస్తుంటే ఆవిడ చీర గుప్పిట పట్టుకుని నోరు తెరిచింది. ఏడుస్తోందని చూస్తే తెలిసింది. భుజాన వేసుకుని కాకుల్ని చూపించాను. కాళ్ళతో తన్ని, అంజమ్మ వైపు చేతులు చాచింది. ఇచ్చేశాను. అంజమ్మ మొహం చిన్నబోయింది. తప్పు చేసినదానిలా నిలబడింది, పాపం!

శీను నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఇంటికొచ్చిన చుట్టానికి ఇచ్చినట్టు ఇచ్చి, దూరంగా నిలబడి చూశాడు. "అమ్మరా" అన్నారు వాళ్ళ నాన్న. వాడు మర్యాదగా ఒక నవ్వు నవ్వాడు. కాసేపటికి షిఫ్టు వదిలే సైరన్ కూసిందట. నాకు తెలియదు. గ్లాసు అక్కడే వదిలేసి వాడు పరుగెత్తటం మాత్రం చూశాను. అమ్మ ఇంట్లో కూర్చుని ఉండగా అమ్మ కోసం పరుగెత్తాడు.

వారం గడిచినా అంతే. వాడు నా వెనకే తిరుగుతాడు, దగ్గరికి రాడు. తిరిగి చూస్తే పక్కకి వెళ్ళిపోతాడు. చివరికి నాకో ఆలోచన వచ్చింది. సైరన్‌తోనే వస్తే సరి కదా! మొదటి షిఫ్టు వదిలే వేళకి దొడ్డిదారిన వెళ్ళి, ఫ్యాక్టరీ గేటు దగ్గర గోడ పట్టుకుని నిలబడ్డాను. జనం బయటికి రావటం చూసి కూత అయిందని తెలుసుకున్నాను. మా వారూ నేనూ ఆ గుంపులో కలిసి నడిచి వచ్చాం. తల తిరుగుతోంది, ఆయాసం. స్తంభం దగ్గర వాడున్నాడు. వాడు నన్ను చూశాడు. చూసి, నా పక్కనుంచి తల వంచి వెనక వచ్చేవాళ్ళని చూశాడు. ఆఖరి సైకిలు వెళ్ళేదాకా చూసి, తండ్రి దగ్గరికొచ్చి ఏదో అన్నాడు.

"ఏమన్నాడండీ?"

"ఏం లేదు. పద."

అంజమ్మ వాకిట్లో నుంచి విన్నది. మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. నేను పట్టుబడితే నా చెవిలో చెప్పింది. "అమ్మ ఇయ్యాల గూడ రాలే నాయినా అన్నడు వదినె."

ఇంత మందు మింగి, ఇన్ని సూదులు పొడిపించుకుని ఎందుకు బతికానురా భగవంతుడా అని ఆ రోజు అనుకున్నాను. ఇప్పటికీ అప్పుడప్పుడు అనుకుంటాను.

మర్నాడు విజయ తలంటుకుని వచ్చింది. "రా, దువ్వుతాను" అన్నాను. అది నా ముందు కూర్చుంది, మునుపటిలాగే, వీపు నావైపు పెట్టి. జుట్టు పొడవు పెరిగింది, నా చేతిలో పట్టలేదు. చిక్కు తీస్తూ ఉన్నాను. కాసేపటికి దాని భుజాలు కదిలాయి. దవడ కదులుతోంది. చెబుతోంది! ఏడాది పాటు దాచుకున్నదంతా గోడకి చెప్పుకుంటున్నట్టు చెబుతోంది, నాకు ఒక్క ముక్క కూడా అందటం లేదు. ముందుకు వంగి నా కుడి చెవి దాని తల దగ్గర పెట్టాను. గొణుగుడు. హోరు. ఆపమని, మళ్ళీ చెప్పమని ఎలా అంటాను? అంటే ఇక చెప్పదు. మధ్యమధ్య "ఊఁ" అన్నాను. రెండో జడ అల్లుతున్నాను. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. "ఊఁ" అన్నాను.

అది చటుక్కున వెనక్కి తిరిగింది. ఏదో అడిగిందట, నేను "ఊఁ" అన్నానట. నా మొహంలోకి చూసింది. అన్నీ అర్థమయ్యాయి ఆ పిల్లకి. కుడి చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా అంది. "అమ్మా, నీకు వినపడటం లేదు కదూ?"

తల ఊపాను.

"అయ్యో అమ్మా! జబ్బు చేశాక నీకు మా మీద ఇష్టం పోయిందనుకున్నాను. శీను రోజూ నిన్ను వెనకనుంచి పిలుస్తున్నాడు. వాకిట్లో పిలుస్తాడు, దొడ్లో పిలుస్తాడు. నువ్వు తిరగవు. 'గామె అమ్మ గాదక్కా, పిలిస్తే పలుకుత లేదు' అంటున్నాడు."

ఏడాదంతా వాడు ఎదురుచూసిన అమ్మ వెనకాల నిలబడి, వాడు రోజూ పిలిచాడు. నేను పప్పు ఏరుకుంటూ కూర్చున్నాను. ఆ మాట విన్నాక కాసేపు నాకు దువ్వెన ఎక్కడుందో కూడా కనపడలేదు. విజయ మిగతా జడ తనే అల్లుకుని లేచింది. ఏం చెయ్యాలో కూడా అదే చెప్పింది.

ఆ మధ్యాహ్నం విజయా నేనూ గేటు దగ్గర నిలబడ్డాం. జనం రావటం మొదలయ్యాక దాని చేతిలో నా చెయ్యి పెట్టి నడిచాను. స్తంభం దగ్గర శీను. వాడివైపు చూడొద్దని విజయ ముందే చెప్పింది. చూడకుండా దాటాను. నాలుగడుగులు వేశాను. ఇంకో రెండు. పిలవడేమో అనుకున్నాను, విసిగిపోయి పిలవటం మానేశాడేమో అనుకున్నాను. విజయ నా చెయ్యి గట్టిగా నొక్కింది.

వెనక్కి తిరిగాను. "ఏరా శీనూ!" అన్నాను.

వాడు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. తరవాత ఆ నోరు ఇంకా పెద్దదైంది. కళ్ళు మూసుకుపోయాయి, మెడ నరాలు ఉబ్బాయి. షిఫ్టు వదిలిన మనుషులు సైకిళ్ళు దిగి చూస్తున్నారు, వాకిళ్ళలోంచి ఆడవాళ్ళు వస్తున్నారు. లైనంతా బయటికి వచ్చే ఏడుపు అది, నా కొడుకు ఏడుపు. నాకు వినపడలేదు. పరుగెత్తుకొచ్చి నా కడుపులో తలతో గుద్దాడు, పిడికిళ్ళతో కొట్టాడు. ఎత్తుకునే బలం లేక నేల మీదే కూలబడి పట్టుకున్నాను. వాడు నా మెడ కావలించుకుని చెవిలో అరిచాడు. అదృష్టం, కుడి చెవి.

"ఎన్నిసార్లు కూసిందో తెల్సా నీకు?"

బుజ్జగించలేదు. బుజ్జగిస్తే పెరుగుతుంది. "ఇంట్లో కందిపప్పులో రాళ్ళున్నాయిరా, ఏరాలి" అన్నాను. వాడు ముక్కు ఎగబీల్చాడు. అది కూడా వినపడలేదు, చూశాను.

ఇది జరిగి నాలుగేళ్ళు దాటింది. జబ్బు మళ్ళీ తిరగబెట్టలేదు. చెవులు రాలేదు, ఇక రావు. అంజమ్మకి గానీ ఆమె కొడుక్కి గానీ ఏ జబ్బూ అంటలేదు, అందుకు ఏ దేవుడికి దణ్ణం పెట్టాలో తెలియక ఆమెలాగే అందరికీ పెడుతున్నాను. పద్మ ఆమెని అమ్మ అంటుంది, నన్ను పెద్దమ్మ అంటుంది. దిద్దటం మానేశాను. ఏడుపొస్తే గోడ దాటి వెళుతుంది, ఊరుకున్నాక వస్తుంది. విజయ ఆ రోజు తల దువ్వించుకుంటూ ఏం చెప్పిందో నాకు తెలియదు. ఎన్నిసార్లు బతిమాలినా, ఎదురుగా కూర్చుని పెదవులు నిదానంగా కదుపుతూ "ఏం లేదులే అమ్మా" అంటుంది. తన తల తనే దువ్వుకుంటుంది.

పిల్లల్ని వదిలి ఆసుపత్రికి వెళ్ళవలసి వస్తే "వెళుతున్నాను" అని చెప్పి వెళ్ళండి. ఏడవనివ్వండి. ఏడ్చి ఊరుకుంటారు. ఊరుకోబెట్టటానికి ఒక మాట ఇచ్చారా, మీరు మర్చిపోయినా ఆ మాట వాళ్ళని వదలదు.

శీను ఇప్పుడు పొడుగయ్యాడు, వెనకనుంచి పిలవడు, ముందుకొచ్చి మాట్లాడతాడు. స్తంభం దగ్గరికి వెళ్ళటం మానేశాడు. కానీ చదువుకుంటూ చదువుకుంటూ ఉన్నట్టుండి పుస్తకంలోంచి తలెత్తి ఇల్లంతా వెతుకుతాడు, నేనెక్కడున్నానా అని. సైరన్ కూసిందని నాకు అప్పుడు తెలుస్తుంది. "ఇక్కడే ఉన్నానురా" అంటాను. మళ్ళీ పుస్తకంలోకి తల వంచుకుంటాడు.